రొక్కమును కాదనవచ్చునా?



తొలకరి వాన కురిసిన మరునాడు ఒక వృద్ధ రైతు విత్తనముల దుకాణమునకు వచ్చి, కొంగున ముడివైచి తెచ్చిన నోట్లను విప్పి బల్లపై నుంచెను. దుకాణదారుడు "పెద్దయ్యా, ఇచ్చట రొక్కము పుచ్చుకొనుట లేదు, ఫోను ద్వారా చెల్లింపుడు" అనెను. ముసలివానియొద్ద అట్టి ఫోను లేదు. పొరుగువానిని వెదకి తెచ్చుసరికి సిగ్నలు పోయెను. రెండు దినములకు గాని విత్తనములు చేతికి రాలేదు. అప్పటికి ఆతని చెల్కలో పదును ఆరిపోయెను. ఇది నేను కన్నులార చూచిన సంగతి. అదును తప్పిన సేద్యమెట్టిదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

చట్టమేమనుచున్నది? 1934 నాటి రిజర్వుబ్యాంకు చట్టము 26వ సెక్షను ప్రకారము బ్యాంకునోటు భారతదేశమందెల్లెడల చెల్లును. 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయి మొదలు పై నాణెములు వేయి రూపాయల మొత్తము వరకు చెల్లును. పదిరూపాయల నాణెమును వర్తకులు కొందరు త్రోసిపుచ్చుచుండగా, అన్ని అచ్చులవియు చెల్లునని రిజర్వుబ్యాంకు 2018 జనవరి 17వ తేదీన ప్రకటించెను.

అయిన నిందొక మెలిక కలదు. నోటు చెల్లుననుట వేరు. ప్రతి వర్తకుడును దానిని పుచ్చుకొని తీరవలెననుట వేరు. ఉన్న బాకీ తీర్చుటకు నోటు చెల్లును. అమ్మకమునకు ముందే "రొక్కము వద్దు" అని వర్తకుడు షరతు పెట్టినచో నేమి చేయవలయునో ఆ చట్టములు విడమరచి చెప్పలేదు. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున చిల్లర దుకాణములు రొక్కమును నిరాకరింపరాదని 1978 నాడే శాసించిరి. నార్వే దేశమున కొనుగోలుదారుని యీ హక్కును 2024 అక్టోబరు 1 నుండి దృఢపరచిరి.

వర్తకుని వాదమును గూడ వినవలయును. దొంగభయము, చిల్లర కరవు, దొంగనోట్లు, బ్యాంకునకు మోయు శ్రమ — ఇవి కల్లలు కావు. 2016లో వచ్చిన యూపీఐ వలన పైకము క్షణములో చేరుచున్నది, నేనును వాడుచున్నాను. కాని 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు కొన్ని దినములు విద్యుత్తును ఫోనులును స్తంభించెను. అట్టివేళ చేతిలోని నోటే యక్కరకు వచ్చును. రొక్కమునొక్కదానినే నమ్ముటయు క్షేమము కాదు. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దుకాగా, 14వ తేదీన జిల్లా సహకార బ్యాంకులు వానిని పుచ్చుకొనరాదని యుత్తరువు వచ్చెను. రబీ పనులనాడు రైతులెంత తిరుగులాడిరో మీరెఱుగుదురు.

కాలువ వచ్చినదని బావిని పూడ్చుకొందుమా? కావున విత్తనములు, ఎరువులు, ఔషధములు, తిండిగింజలు అమ్మువారు ఒక మితికి లోబడి రొక్కమును తప్పక పుచ్చుకొనవలెనని శాసనముండుట న్యాయమని నా యభిప్రాయము. పెద్ద మొత్తములకు బ్యాంకు మార్గమే మేలు.

మన వంతు ధర్మమును గలదు. చిల్లర తీసికొనిపోవుడు, రసీదు లేక రొక్కమీయకుడు. విత్తనము మొలవకున్నచో ఆ కాగితమే మీకు సాక్షి. మన సహకార సంఘములు రెండు విధముల చెల్లింపులను అంగీకరించునట్లు రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానించి, ఇతర వర్తకులకు దారి చూపుదురు గాక.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు