మీకు తెలుసా? నందన కరువూ, తాటి పొయ్యీ

ఐర్లండులో బంగాళాదుంప తెగులు 1845లో మొదలై ఊళ్లకు ఊళ్లను ఆకలితో మాడ్చింది. దానికి పుష్కరం ముందే గుంటూరు సీమ నందన కరువు చూసింది. నందన నామ సంవత్సరం, అంటే 1832-33. 5 లక్షల జనంలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది పోయారని అంచనా. ఐర్లండులో పోయింది ఎనిమిది మందికి ఒకరు. ఇక్కడ ముగ్గురికి ఒకరు. అయినా లోకానికి తెలిసింది ఐర్లండు కరువే!

కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాకే తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పొలాలకు కాలవ నీరు నిలకడగా అందింది. అన్నం దొరికింది సరే, వండటానికి కట్టెలేవీ? డెల్టాలో అడవి లేదు. పేడంతా పిడకలైతే చేనికి ఎరువు తగ్గేది.

ఈపురుపాలెం లాంటి ఇసుక నేలల్లో తాటిచెట్టు రెండు అవసరాలూ తీర్చింది. తాటిపళ్లు తిన్నాక బుర్రలను ఇసుకలో పాతరేస్తారు. సంక్రాంతి నాటికి తేగలు ఊరతాయి. తంపటేసి కాల్చుకుంటే పూట గడిచేది. తేగ తీసిన బుర్రను పగలగొడితే తియ్యటి గుంజు పిల్లలకు. మిగిలిన చిప్పలు, ఎండు మట్టలు పొయ్యిలోకి.

తిండికీ ఇంధనానికీ ఆ తర్వాత మరో దెబ్బ తగిలింది: 1942లో బర్మా జపాను చేతికి చిక్కాక అక్కడి నుంచి మనకొచ్చే బియ్యం, కిరసనాయిలు రెండూ ఒకేసారి ఆగిపోయాయి.