ప్రతి ప్రాణానికీ లెక్క ఉంది

2019 డిసెంబర్‌ 29, ఆదివారం. అమెరికాలోని టెక్సాస్‌ రాష్ట్రంలో, వైట్‌ సెటిల్‌మెంట్‌ పట్టణంలోని ఒక చర్చిలో ఆరాధన జరుగుతోంది. అంతలో ఒక ఆగంతకుడు తుపాకీ తీసి ఇద్దరు విశ్వాసులను కాల్చి చంపాడు. ఆరు సెకన్లలోనే సంఘసభ్యుడొకరు తన తుపాకీతో అతణ్ణి నేలకూల్చాడు. ఆయనే లేకుంటే ఎంతమంది బలయ్యేవారోనని కొందరన్నారు. ఆరాధనకు ఆయుధంతో వెళ్లాల్సిన దుస్థితి ఏమిటని మరికొందరు బాధపడ్డారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

మరి బైబిల్‌ ఏమంటోంది? నిర్గమకాండం 22వ అధ్యాయం ఒక గీత గీసింది. రాత్రివేళ కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బలకు చనిపోతే, కొట్టినవాడిపై రక్తాపరాధం లేదు. సూర్యుడు ఉదయించాక చంపితే మాత్రం ఉంది. చీకట్లో వచ్చినవాడి ఉద్దేశం ఇంటివాడికి తెలియదు. పగలైతే తెలుసుకోవచ్చు, సాయానికి పిలవొచ్చు. అంటే దొంగ ప్రాణానికి కూడా దేవుని దగ్గర లెక్క ఉంది!

గెత్సేమనేలో పేతురు కత్తి దూసింది ప్రభువు మీది ప్రేమతోనే. కానీ తెగింది మల్కు అనే దాసుని చెవి. యేసు పేతురును ఆపాడు, తనను బంధించవచ్చిన ఆ దాసుణ్ణి ముట్టి స్వస్థపరిచాడు.

బలహీనులను కాపాడటం మన బాధ్యతే. కానీ ఆయుధానికి అనుమతి చట్టం ఇవ్వొచ్చు, తీసిన ప్రాణానికి లెక్క అడిగేది దేవుడు. చేతిని కదిలించింది ప్రేమో, భయమో, పగో ఆయనకు తెలుసు. అందుకే ఆయుధం పట్టకముందే హృదయాన్ని ఆయన ముందు పరీక్షించుకోవాలి.