ముఖమును పోల్చు మెదడు తరంగము

ఫిల్మ్‌నగర్ మీదుగా బస్సులో పోవువారికి గోడలపై సినిమా బొమ్మలు క్షణకాలము కనబడి మాయమగును. అయినను కనబడినది ముఖమా, ఇల్లా అని ఎవరును ఆలోచింపరు. చూచిన వెంటనే తెలియును. ఈ ‘వెంటనే’ అనగా ఎంత కాలము? ఈ నేర్పు పుట్టుకతో వచ్చినదా, చూడగా చూడగా అలవడినదా? మెదడులోని విద్యుత్తరంగములు ఈ ప్రశ్నలకు కొంత సమాధానము చెప్పగలవు.

మెదడు కణములు సంకేతములు పంపుకొనునప్పుడు స్వల్పమైన విద్యుత్తు పుట్టును. తలపై చిన్న లోహపు బిళ్లలు అమర్చి దానిని నమోదు చేయవచ్చును. మనుష్యులలో ఈ పనిని మొదట 1924లో చేసినవాడు జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్. ఫలితములను 1929లో ప్రకటించెను. కన్నులు మూసికొని విశ్రాంతిగా ఉన్నవారిలో సెకండుకు 8 మొదలు 13 వరకు లేచిపడు తరంగములు తల వెనుకభాగమున కనబడును. వీటిని ఆల్ఫా తరంగములందురు. కన్నులు తెరచినంతనే ఇవి అణగును.

ఒక బొమ్మను చూచినప్పుడు కలుగు స్పందన చాల చిన్నది. ఇతర తరంగములలో కలిసిపోవును. అందుచేత ఒకే తీరు బొమ్మలను అనేక పర్యాయములు చూపి, నమోదైన రేఖలకు సగటు తీయుదురు. బొమ్మతో సంబంధము లేని ఎగుడుదిగుడులు ఒకదానినొకటి రద్దు చేసికొనును. ప్రతిసారి అదే సమయమునకు వచ్చు స్పందన మాత్రము నిలుచును. ఇట్లు చూడగా, బొమ్మ కనబడిన సుమారు 170 మిల్లీసెకండులకు, అనగా సెకండులో ఆరవ వంతు కాలమునకు, ఒక ఋణ విద్యుత్ శిఖరము వచ్చును. దీని పేరు ఎన్-170. ఇల్లు మున్నగు వస్తువులకంటె ముఖమును చూచినప్పుడు ఇది పెద్దదిగా ఉండును.

ఈ భేదము పుట్టుకతో వచ్చునా? దీనికి ఒక సమాధానము హైదరాబాదు నుండియే వచ్చినది. జూబిలీహిల్స్ పొరుగున బంజారాహిల్స్‌లో సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ విరాళముతో 1987లో వెలసిన నేత్ర వైద్య సంస్థ ఆయన పేరనే కలదు. ఆ సంస్థ వైద్యులును, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞురాలు బ్రిగిట్టె రోడర్ బృందమును కలిసి చేసిన పరిశోధన 2013లో ప్రకటితమైనది. పుట్టుకతోనే శుక్లములవలన చూపు లేక, 2 నెలలు మొదలు 14 ఏండ్ల లోపు వయస్సులో శస్త్రచికిత్స పొందిన 11 మందిని పరీక్షించిరి. వారికి ముఖములు, ఇండ్లు, వాటినే చిందరవందర చేసిన బొమ్మలు, సీతాకోకచిలుకలు చూపిరి. సీతాకోకచిలుక కనబడినప్పుడు మాత్రము వారు తెలియజేయవలెను. అందరును దానిని పోల్చుకొనిరి. కాని వారి ఎన్-170 శిఖరము అన్ని బొమ్మలకును ఒకే తీరున వచ్చెను. శైశవము గడచిన పిమ్మట శుక్లములు వచ్చినవారిలో మాత్రము ముఖమునకు ప్రత్యేక స్పందన మామూలుగనే కనబడెను.

దీనినిబట్టి తేలునదేమి? ముఖమును ఇతర వస్తువులనుండి వేరుచేయు ఏర్పాటు మెదడులో చూపువలననే, అదియును శైశవములోనే, కుదురుకొనును. ఆ కాలము దాటిన పిమ్మట చేసిన శస్త్రచికిత్సయు వ్యర్థము కాదు. వస్తువులను పోల్చుకొను శక్తి వచ్చును. కాని తొలినాళ్ల లోటు పూర్తిగా తీరదు.

కనుక ‘బిడ్డ పెద్దయిన పిమ్మట చేయింతము’ అనుట తగదు. పసిబిడ్డ కంటిపాప నల్లగా గాక తెల్లగా కనబడినచో అది శుక్లము కావచ్చును, మరింత ప్రమాదకరమైన వ్యాధియు కావచ్చును. ఆలసింపక కంటి వైద్యునికి చూపవలెను. ఈ సంగతిని ఉపాధ్యాయులు తరగతిలో చెప్పినచో, విద్యార్థులు ఇంటికి మోసికొనిపోగలరు.