పది వారాల ఉత్తరాలు

మా ఆవిడ అమెరికా ఆర్మీలో చేరిందంటే మనవాళ్ళు మొదట అడిగేది "సిటిజన్‌షిప్ కోసమా?" అని. తర్వాతది "రోజూ వీడియో కాల్ చేస్తుందా?" మొదటిదానికి ఇంకో పోస్టు రాయాలి. రెండోదానికి జవాబు: చెయ్యదు, చెయ్యనివ్వరు.

బేసిక్ ట్రైనింగ్ పది వారాలు. తనకి సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్ పడింది. వెళ్ళగానే ఫోన్ తీసుకుని తాళం వేసేస్తారు. చేరానని చెప్పడానికి ఒక్క కాల్, అదీ నిమిషం లోపే. మళ్ళీ ఎప్పుడిస్తారన్నది డ్రిల్ సార్జెంట్ ఇష్టం. అందుకని ఆ పది వారాలూ తెలియని నంబరొచ్చినా ఎత్తాను. కారు వారంటీ అమ్మేవాళ్ళతో అంత మర్యాదగా ఎన్నడూ మాట్లాడలేదు.

ఇక మిగిలింది ఉత్తరం. మొదటి కొద్ది రోజులూ రిసెప్షన్‌లో ఉంటారు, అప్పుడు పంపి లాభం లేదు. కంపెనీ, ప్లటూన్ నంబర్లతో అసలు అడ్రసు వచ్చేదాకా రాసి దాచుకోవడమే. కవరు సాదాగా ఉండాలి. బొమ్మలూ స్టిక్కర్లూ అంటిస్తే వాటి ఖరీదు తను పుషప్పుల్లో కట్టాల్సి రావచ్చు. తినేవి పంపకూడదు. సున్నుండల సంగతి మా అత్తయ్యకి నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

తెలుగు టైపింగ్ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కదా, మొదటి రెండూ ప్రింటు తీసి పంపాను. "ఆఫర్ లెటర్‌లా ఉంది, చేత్తో రాయి" అని జవాబొచ్చింది. ఇంటర్ తర్వాత చేత్తో తెలుగు రాసింది లేదు. 'ఝ' ఎలా రాయాలో ఫోన్‌లో చూసుకున్నాను.

మా ఐటీ భాషలో చెప్పాలంటే లేటెన్సీ నాలుగైదు రోజులు. పాపకి జ్వరమని ఈ రోజు రాస్తే, అది తగ్గి పాప స్కూలుకెళ్ళే రోజున వాళ్ళమ్మకి కంగారు మొదలవుతుంది. అందుకే ఆ ఉత్తరం ఆపి, తగ్గాక కింద రెండు లైన్లు కలిపి పోస్టు చేశాను.

కానీ ఆరో వారంలో గుంటూరులో మామయ్యకి గుండెపోటు వచ్చింది. అది ఆపి పంపే విషయం కాదు. "చెప్పకు బాబూ, దాని ట్రైనింగ్ పాడవుతుంది" అన్నారు అత్తయ్య. వెళ్ళేముందు తను నాతో అన్నది ఒకటే: ఏదీ దాచొద్దని. ఇలాంటి కబురు అమెరికన్ రెడ్‌క్రాస్ ద్వారా వెళ్ళాలి. తన పూర్తి పేరు, పుట్టిన తేదీ, యూనిట్, ఆస్పత్రి ఫోన్ నంబరు అడుగుతారు. వాళ్ళు ఆస్పత్రితో నిర్ధారించుకుని పై అధికారికి చేరవేస్తారు. సెలవు ఇవ్వాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. గుంటూరులో అర్ధరాత్రి ఇంగ్లీషులో మాట్లాడగల డాక్టరు దొరకడమే కష్టమైంది.

మర్నాడు తను ఫోన్ చేసింది. స్టెంట్ వేశారు, స్పృహలోనే ఉన్నారని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనకాల ఎవరో గట్టిగా అంకెలు లెక్కపెడుతున్నారు. "నేను ఉండిపోతాను. అమ్మకి నువ్వే చెప్పు" అంది. మొత్తం ఆరు నిమిషాలు.

రెండు రోజుల తర్వాత, ఆ కాల్‌కి ముందే తను పోస్టు చేసిన ఉత్తరం వచ్చింది. మూడు పేజీలు. చివర్న చిన్న అక్షరాలతో, "నాన్నకి ఆయాసం వస్తోందని అమ్మ అంది కదా, ఒకసారి డాక్టరుకి చూపించుకోమని గట్టిగా చెప్పు" అని ఉంది.