తవ్విన మట్టికీ ఒక చరిత్ర ఉంది: హుటాన్ మెలింటాంగ్ తీరపు బంకమన్ను

మలేషియాలో పెరాక్ రాష్ట్రపు దక్షిణపు అంచున, బెర్నామ్ నది ఒడ్డున ఉన్న ఊరు హుటాన్ మెలింటాంగ్. తోటపనికి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు స్థిరపడిన దిగువ పెరాక్ ప్రాంతంలోనిదే ఇది. సముద్రపు పోటు నదిలోకి ఎగదన్నే ఈ పల్లపు నేలలో కరకట్టలు, మురుగు కాలువలు, పోటునీటిని ఆపే తూములు లేనిదే కొబ్బరి గానీ ఆయిల్‌పామ్ గానీ నిలవదు. అంటే ఇక్కడ సేద్యమే మట్టి తవ్వకంతో మొదలైంది. రేవులకూ గోదాములకూ ఇళ్ళకూ తీరాన్ని తవ్వేవారు ఆ అనుభవాన్ని గుర్తుంచుకోవలసి ఉంది.

ఇటువంటి తీరాలలోని బంకమన్ను చాలాచోట్ల ఒకప్పటి మడ అడవుల అడుగున పేరుకున్నది. గాలి చొరని ఆ బురదలో బ్యాక్టీరియా సముద్రజలంలోని సల్ఫేటునుండి, మట్టిలోని ఇనుమునుండి పైరైటు అనే ఖనిజం ఏర్పడేటట్లు చేస్తుంది. నీటి అడుగున ఉన్నంతకాలం అది నిరపాయకరం. తవ్వి గట్టున పోసినప్పుడు గాలి సోకి, క్రమంగా సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. మట్టి పీహెచ్ 3.5కు దిగువకు పడిపోవచ్చు. లేతపసుపు రంగు జారొసైటు మరకలు దీనికి గుర్తు. ఆమ్లంలో కరిగిన అల్యూమినియం వేళ్ళనూ చేపల మొప్పలనూ దెబ్బతీస్తుంది. ఆమ్లమూ సల్ఫేటూ కాంక్రీటును తినివేస్తాయి.

దీని పరిమాణాన్ని లెక్కకట్టవచ్చు. నూటికి ఒక వంతు పైరైటు ఉన్న టన్ను పొడిమట్టిలో 10 కిలోల పైరైటు ఉంటుంది. అది పూర్తిగా ఆక్సీకరణం చెందితే, విడుదలయ్యే ఆమ్లాన్ని తటస్థపరచడానికి సుమారు 17 కిలోల సున్నపురాయి పొడి కావాలి. లక్ష టన్నులకు 1,700 టన్నులు! తవ్వకం ఖర్చులో ఈ పద్దు లేకపోతే, దాన్ని చెల్లించేది దిగువనున్న రైతులూ జాలరులూ.

కనుక తవ్వకముందే పొరలవారీగా నమూనాలు తీసి, హైడ్రోజన్ పెరాక్సైడుతో పరీక్షించాలి. పైరైటు పొరను వీలైతే కదపకూడదు. కదిపితే పైమట్టితో కలపక వెంటనే నీటి అడుగున పూడ్చాలి, లేదా సున్నం కలిపి, ఊటనీరు నదికి చేరకుండా గట్టు కట్టాలి. పల్లాలు పూడ్చుకోవడానికి ఉచితంగా పంచిపెట్టడం మాత్రం కీడును ఊరూరా పంచడమే. మలేషియా తీరపు తోటలలో లోతైన కాలువలవల్ల కుంటుబడ్డ ఆయిల్‌పామ్, కాలువల నీటిమట్టం పెంచి పైరైటు పొరను తడిగా ఉంచిన తరువాత కోలుకున్నది. కోరింగ వంటి మన మడ తీరాలలో తవ్వకం తలపెట్టినా మొదట చేయవలసింది ఈ పరీక్షే.