జియో, మామ, మాము

ఇటాలియన్ రచయిత ఎడువార్డో దె ఫిలిప్పో 1931లో నేపుల్స్ మాండలికంలో ఒక హాస్యనాటకం రాశాడు. దాని పేరు 'నతాలె ఇన్ కాసా కుపియెల్లో', అంటే 'కుపియెల్లో ఇంట క్రిస్మస్'. ఇంటి పెద్ద లూకాకు క్రీస్తు జననపు బొమ్మల కొలువు తప్ప మరేదీ పట్టదు. కొడుక్కి ఆ కొలువు నచ్చదు; మంచాన పడిన తండ్రి ఆఖరున అడిగితే గాని నచ్చిందనడు. లూకా తోబుట్టువు పస్క్వాలె కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. ఆయనకు జబ్బు చేస్తే, ఇక బతకడనుకొని కుర్రవాడు ఆయన బూట్లు అమ్మేస్తాడు.

దీన్ని తెలుగు చేయబోతే మొదటి చిక్కు పిలుపు దగ్గరే వస్తుంది. కుర్రవాడికి పస్క్వాలె 'జియో'. ఇటాలియన్‌లో తండ్రి సోదరుడూ జియోయే, తల్లి సోదరుడూ జియోయే. తెలుగులో పెదనాన్నో, చిన్నాన్నో, మేనమామో తేలనిదే నోరు పెగలదు. బూట్లు పోయిన చిన్నాన్న కోపం వేరు, మేనమామ కోపం వేరు. మేనమామ రేపు పిల్లనిచ్చే మామ కూడా కావచ్చు గదా!

బరంపురం విద్యార్థులకు ఈ సంగతి ఎక్కువ విడమరచి చెప్పనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రెండు భాషలవాళ్ళు ఇక్కడ ఇరుగుపొరుగులే కాదు, అప్పుడప్పుడు వియ్యంకులు కూడా. ఒక తెలుగింట ఒడియా కోడలు ఉందనుకోండి. సెలవులకు ఆమె అన్నకూతురు వచ్చింది. నాయనమ్మ మనవణ్ణి పిలిచి, "ఒరేయ్, నీ మరదలొచ్చిందిరా" అంటుంది. కోడలి మొహం మాడిపోతుంది. ఒడియాలో మేనమామ కూతురు 'భౌణీ', అంటే అక్కచెల్లెళ్ళ వరసే. ముసలమ్మకు పరాచికం, కోడలికి చెవిన పడకూడని మాట. ఇద్దరిలో ఎవరూ తప్పు మాట్లాడలేదు. మేనరికం కలిసే పిల్లను తోబుట్టువు నుంచి వేరుచేసే మాట ద్రావిడ వరసల్లో ఉంది, ఒడియాలో లేదు. మామ సంగతీ అంతే. మనకు మేనమామా మామే, పిల్లనిచ్చినవాడూ మామే. ఒడియాలో 'మాము' వేరు, 'శశుర' వేరు. మాటలు దగ్గరగా వినిపించడమే ఇక్కడ ప్రమాదం.

వరసలు కలగలిపి పిలిచే ఇక్కడి పిల్లలకు తెలుగు సరిగా రాదనే అభిప్రాయంతో మేము ఏకీభవించము. పిలిచేముందు వాళ్ళు ఎవరి తరపు చుట్టమో చూసుకొని, ఏ భాష వరస చెల్లుతుందో నిర్ణయించుకుంటారు. ఒక్క భాషే తెలిసినవాడికి ఆ అవసరమే రాదు. నాటకం రాయదలచినవారికి ఇంతకంటే మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? నేపుల్స్ ఆయనా ఇంటిభాషలోనే గదా రాసింది!

బరంపురంలో రెండేళ్ళకొకసారి ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. డేరా నేతవారి పెద్ద, దేశీబెహరా, అమ్మవారిని తమ వీధికి, అంటే పుట్టింటికి, తీసుకువస్తాడు. తెలుగులో ఆమె ఆ ఇంటి ఆడపడుచు. కోడలి నోట ఇదే మాటకు భర్త సోదరి అని అర్థం. ఒడియాలో కూతురు 'ఝిఅ', భర్త సోదరి 'నణంద'. ఆ వీధి కోడళ్ళు అమ్మవారిని ఏ వరసన తలుచుకుంటారో వచ్చే యాత్రకు మీలో ఎవరైనా అడిగి రాసుకురావాలి.