కనిపించని విలన్... మోగని గంట!

హీరో లేడు. హీరోయిన్ లేదు. పాటలు లేవు. ఫైటింగులు అసలే లేవు. విలన్ వున్నాడు గానీ కంటికి కనపడడు! ఇలాంటి సినిమాకి టిక్కెట్టు ఎవరు కొంటారండీ అని మీరడగొచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అడిగాను. ఇప్పటికి ఆ సినిమాని మూడుసార్లు చూశాను. మొదటిసారి ఆవలించాను. రెండోసారి భయపడ్డాను. మూడోసారి సిగ్గుపడ్డాను. ఆ మూడు ముచ్చట్లూ మీతో చెప్పుకోవాలనే యీ నాలుగు మాటలు.

సినిమా పేరు ‘ది ఆండ్రోమిడా స్ట్రెయిన్’. 1971లో అమెరికాలో విడుదలైంది. దర్శకుడు రాబర్ట్ వైజ్. ఆయనెవరో కొత్తవాడనుకునేరు! 1965లో ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ తీసిన మహానుభావుడే. కొండల మీద పిల్లలచేత పాటలు పాడించినాయన, ఒక్క పాటైనా లేకుండా నలుగురు సైంటిస్టుల్ని భూమిలోపల కూర్చోబెట్టి రెండు గంటల పైచిలుకు సినిమా తీశాడంటే చూడండి! కథ మైకేల్ క్రైటన్‌ది. తర్వాత్తర్వాత ‘జురాసిక్ పార్క్’ నవల రాసింది కూడా యీయనే. హార్వర్డ్‌లో వైద్యం చదివి పట్టా పుచ్చుకున్న 1969లోనే యీ నవలా బయటికొచ్చింది. డాక్టరు రాసిన కథ గనుక రోగం నాడి బాగా దొరికింది.

మొదటిసారి: ఆవలింత

నేను కాలేజీ హాస్టల్లో వున్న రోజుల మాట. టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చుకుని, రాత్రంతా మూడు సినిమాలు వరసపెట్టి చూడడం అప్పట్లో మాకు పండగ. ‘అంతరిక్షం నుంచి దిగిన మృత్యువు’ అని క్యాసెట్ల షాపతను చెప్పిన ఒక్క ముక్కకి పడిపోయి దీన్ని ఎంచినవాణ్ణి నేనే. తెల్లారేసరికి హాస్టల్లో నా పరువేమైందో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను!

కథ మొదలవడం మాత్రం అదిరిపోతుంది. న్యూమెక్సికోలో పీడ్‌మాంట్ అని పట్టుమని వందమంది లేని పల్లె. ఆ పక్కనే ఒక ఉపగ్రహం కూలింది. దాన్ని వెతకడానికి వెళ్లిన సైనికుల గొంతు వైర్‌లెస్‌లో వున్నట్టుండి ఆగిపోయింది. రక్షణ దుస్తులు తొడుక్కుని ఇద్దరు డాక్టర్లు హెలికాప్టర్లో దిగి చూస్తే... నడిచేవాళ్లు నడుస్తున్నట్టే, కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే వూరంతా శవాలు! దర్శకుడు తెరని ముక్కలుగా చీల్చి, ఒక పక్క కిటికీలోకి తొంగిచూసే డాక్టర్ని, ఇంకో పక్క లోపలి శవాన్ని ఒకేసారి చూపిస్తాడు. ఆ వూరి డాక్టరు శవం మణికట్టు దగ్గర కోస్తారు. నెత్తురు రాదు. ఇసకలా పొడి రాలుతుంది! ఆ దృశ్యానికి మా గది మొత్తం నిశ్శబ్దమైపోయింది.

అంతలో ఎక్కణ్ణించో పసిబిడ్డ ఏడుపు. బిడ్డతోపాటు ఒక ముసలి తాగుబోతు కూడా బతికి వున్నాడు. వూరంతా పోతే వీళ్లిద్దరూ ఎలా మిగిలారు? సినిమా అంతా నడిచేది యీ ఒక్క ప్రశ్న మీదే.

ఇక అక్కణ్ణించి మాకు నిద్ర మొదలైంది. ఎందుకంటే కథ నెవాడా ఎడారిలో, పైకి వ్యవసాయ కేంద్రంలా కనపడే ఒక ప్రయోగశాలలోకి దిగుతుంది. పేరు ‘వైల్డ్‌ఫైర్’. భూమిలోపలికి అయిదంతస్తులు. ఒక్కో అంతస్తుకీ ఒక్కో రంగు. కిందికి దిగేకొద్దీ బట్టలు కాల్చేస్తారు, ఒళ్లు కడుగుతారు, మందులు మింగిస్తారు, పైచర్మం మాడిపోయేలా కాంతి కొడతారు. ఈ శుద్ధి అంతా దర్శకుడు ఓపిగ్గా చూపిస్తూనే వుంటాడు. “ఒరేయ్, వీళ్ల స్నానాలు చూడ్డానికట్రా మనం డబ్బులిచ్చింది?” అని మావాడొకడు దుప్పటి ముసుగుపెట్టాడు. కాసేపటికి నేనూ అంతే!

రెండోసారి: భయం

మళ్లీ చూసింది 2020 లాక్‌డౌన్‌లో. మార్చిలో మా యింటికొచ్చిన మేనకోడలు కదలడానికి వీల్లేక మా దగ్గరే చిక్కుపడిపోయింది. కాలేజీ పిల్ల. సినిమాలంటే ప్రాణం. ఇద్దరం కలిసి చూశాం.

పావుగంట గడిచాక, “మామయ్యా, హీరో ఎప్పుడొస్తాడు?” అనడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆర్థర్ హిల్, డేవిడ్ వేన్, జేమ్స్ ఓల్సన్, కేట్ రీడ్... సైంటిస్టులుగా వేసిన ఆ నలుగుర్లో ఒక్కరికీ స్టార్ వేషం లేదు. పక్కింటి లెక్చరర్లలా వుంటారు. విసుక్కుంటారు, అలిసిపోతారు, పొరపాట్లు చేస్తారు.

ఈసారి ఆ స్నానాల దృశ్యాలకి మాత్రం ఎవరం ఆవలించలేదు! అప్పటికి మేం బజారుకెళ్లొచ్చి పెరట్లోనే బట్టలు విప్పి సబ్బునీళ్లలో ముంచుతున్నాం. కూరగాయల్ని ఉప్పునీళ్లలో కడుగుతున్నాం. పాలప్యాకెట్‌ని చూస్తే గుండె దడ. “మామయ్యా, మనింట్లో కూడా అయిదంతస్తులున్నాయి. గేటు, పెరడు, బాత్రూం, హాలు, వంటిల్లు” అని లెక్కపెట్టింది మా పిల్ల.

ఇందులో ఇంకో సంగతి. ఇలాంటి భయం నవలాకారుడి బుర్రలోంచి వూడిపడిందేమీ కాదు. ఆ నవల వచ్చిన 1969లోనే, జులైలో చంద్రుడి మీంచి తిరిగొచ్చిన అపోలో 11 వ్యోమగాముల్ని విడిగా వుంచారు. క్వారంటైన్ లెక్క 21 రోజులు. అక్కణ్ణించి తెలియని క్రిమి ఏదైనా వాళ్ల వెంట వస్తుందేమోనని! 1971లో అపోలో 14 వాళ్ల తర్వాత గానీ ఆ పద్ధతి మానలేదు. అంటే ప్రభుత్వం నిజంగా పడ్డ భయాన్నే వైజ్ తెరమీద పెట్టాడు.

సాంకేతిక శాఖలకి కూడా దండం పెట్టాలి. గిల్ మెల్లే సంగీతంలో వయొలిన్లు, పియానోల మెరుపులుండవు. అంతా ఎలక్ట్రానిక్ చప్పుళ్లే. యంత్రాలు తమలో తాము గొణుక్కుంటున్నట్టుంటుంది. స్పెషల్ ఎఫెక్టులు ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి పనిచేసిన డగ్లస్ ట్రంబుల్‌వి. కళా దర్శకత్వానికీ, ఎడిటింగ్‌కీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఎడిటింగ్ మాటొచ్చింది గనుక చెబుతున్నా... వైజ్ దర్శకుడు కాకముందు 1941లో ‘సిటిజన్ కేన్’కి కూర్పు చేసినవాడు. కత్తెర విలువ తెలిసినవాడు గనుకనే ఎక్కడ కత్తెర వెయ్యకూడదో కూడా తెలిసింది! ఉపగ్రహంలో ఇరుక్కున్న ఇసకరేణువంత పదార్థాన్ని భూతద్దంలో అంతకంతకూ పెద్దది చేస్తూ వెతికే దృశ్యముందే, అక్కడ ఏమీ జరగదు. కానీ కుర్చీ చివరికి జరుగుతాం.

ఒక్కచోట మాత్రం మనసు చివుక్కుమంటుంది. క్రిమి సోకి కోతి గిలగిల్లాడి పడిపోయే దృశ్యం. ఆ గదిలో కార్బన్ డయాక్సైడ్ నింపి కోతిని స్పృహ తప్పించి, వెంటనే ఆక్సిజన్ ఇచ్చి లేపారట. కోతి బతికింది. అయినా ఇవాళ చూస్తే అది తియ్యకుండా వుండాల్సింది అనిపిస్తుంది.

మూడోసారి: సిగ్గు

ఇక్కడ కథ చివరిదాకా చెప్పక తప్పదు. సస్పెన్స్ పోతుందనుకునేవాళ్లు ఇక్కడే ఆగి, సినిమా చూసొచ్చి మిగతాది చదవండి!

ఆ క్రిమి మన రక్తంలో ఆమ్లం, క్షారం సరిసమానంగా వుంటేనే బతుకుతుంది. ముసలాయన పొయ్యి వెలిగించే స్పిరిట్ తాగి, కడుపునొప్పికి ఆస్పిరిన్ బిళ్లలు మింగి రక్తంలో ఆమ్లం పెంచుకున్నాడు. పసివాడు గుక్కపట్టి ఏడ్చి ఏడ్చి, శ్వాస జోరెక్కి, రక్తాన్ని క్షారం వైపు లాగాడు. ఇద్దరికీ క్రిమి అంటలేదు. రహస్యం ఇంతే!

మరి అంత గొప్ప ప్రయోగశాలలో యీ రహస్యం ముందే ఎందుకు తెలియలేదు? అక్కడే వుంది అసలు సినిమా. డాక్టర్ లెవిట్ అని ఒకావిడ. నవలలో యీ పాత్ర మగవాడు, సినిమాకి ఆడమనిషిని చేశారు. కేట్ రీడ్ వేసింది. కళ్లజోడు, వెటకారం, ఎవర్నీ లెక్కచెయ్యని మాట. ఆవిడకి మూర్ఛరోగముంది. ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ వుంటే స్పృహ పోతుంది. ఆ సంగతి బయటపడితే ఏ పెద్ద ప్రయోగశాలా దగ్గరికి రానివ్వదని దాచుకుంది. ఒక రాత్రి, ఆవిడ పరీక్షల ఫలితాలు చూస్తూండగా క్రిమి పెరగని చోటొకటి తెరమీద ఎర్రగా మినుకు మినుకుమంటుంది. అందరూ వెతుకుతున్న జవాబు అదే! ఆవిడ కళ్లు తెరిచే వున్నాయి. కానీ చూడలేదు.

ఇంకొకటి. పీడ్‌మాంట్ మీద అణుబాంబు వేసెయ్యమని వీళ్లు అడుగుతారు. పడిపోయిందనే అనుకుంటారు. నిజానికి అధ్యక్షుడు దాన్ని వాయిదా వేశాడు. ఆ కబురు యంత్రంలోకి వచ్చి కూర్చుంది. కబురొస్తే గంట మోగాలి. గంటకీ దాని నాలుకకీ మధ్య చిన్న కాగితప్పేలిక ఇరుక్కుంది. గంట మోగలేదు! కోట్ల డాలర్ల ప్రయోగశాల, గోరంత కాగితం. చివరికి తేలిందేమిటంటే అణుశక్తే ఆ క్రిమికి ఆహారం. బాంబు పడుంటే అది చచ్చేది కాదు, వెయ్యింతలయ్యేది. అదే బాంబు ప్రయోగశాల అడుగునా వుంది. దాన్ని ఆపే తాళంచెవి పెళ్లికాని డాక్టర్ హాల్ చేతికిస్తారు. అలాంటి వేళ పెళ్లికాని మగవాడే సరైన నిర్ణయం తీసుకుంటాడని లెక్కలు కట్టారట! బ్రహ్మచారులారా, కాలరెగరెయ్యండి. లేజర్ కిరణాలు తగులుతున్నా అతను నిచ్చెనెక్కి, కొద్ది సెకన్లు మిగిలుండగా తాళం తిప్పే క్లైమాక్స్ మాత్రం అచ్చంగా మన సినిమా.

2020లో లెవిట్ దృశ్యం చూసి మా మేనకోడలు, “ముందే ఒక్క మాట చెప్పేస్తే పోయేదిగా మామయ్యా!” అంది. “అవును, బుద్ధిలేని మనిషి” అన్నాను నేను, గట్టిగా.

2021 ఏప్రిల్లో మా అక్కయ్య వాళ్ల గృహప్రవేశం. ముందు రోజు రాత్రి నాకు ఒళ్లు వెచ్చబడింది. చెబితే ఆగిపొమ్మంటారు. ఒక్కగానొక్క తమ్ముణ్ణి, పీటల దగ్గర లేకపోతే ఎలా? బిళ్ల మింగి వెళ్లాను. “ఏంట్రా, మొహం అలా వుంది?” అని అక్కయ్య అడిగితే, “ఎండ” అన్నాను. నాలుగో రోజున నాకు పాజిటివ్ వచ్చింది. ఆరో రోజున బావగారికి. ఆయన పదకొండు రోజులు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద వున్నారు.

తిరిగొచ్చారు. దేవుడి దయ. ఆ రోజు ఇంటినిండా జనం. ఎవరి వల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేరు. బావగారు ఇప్పటికీ ఆ వూసెత్తరు. మా మేనకోడలూ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు బరువు.

ఆ యేడాది చివర్లో ఒక్కణ్ణే కూర్చుని మూడోసారి చూశాను. ఎర్రదీపం మినుకుమంటోంది. కేట్ రీడ్ మొహంలో కదలిక లేదు. మొదట చూసినప్పుడు నేను నిద్రపోయిన చోటది, రెండోసారి తిట్టిన చోటు. ఈసారి ఆ మొహాన్ని తిట్టలేకపోయాను. ఆవిడ చెడ్డది కాదు. పనంటే ప్రాణం, ఎక్కడ దూరం పెడతారోనని భయం. అంతే. నాదీ అంతే! కంటికి కనపడని విలన్‌కి మనం తలుపు తియ్యక్కర్లేదు. ‘ఏం లేదు, ఎండ’ అంటే చాలు.

రాబర్ట్ వైజ్ 2005లో పోయాడు, క్రైటన్ 2008లో. ఆ అంతస్తుల రంగులూ, పెద్ద పెద్ద మీటల కంప్యూటర్లూ ఇవాళ్టి కుర్రకారుకి మ్యూజియంలా కనపడొచ్చు. నెమ్మదిగా సాగుతుంది, నిజమే. మొదటి అరగంట ఓపిక పట్టండి. ఎప్పుడైనా చూసే వీలు దొరికితే, ఇంట్లోవాళ్లందర్నీ కూచోబెట్టుకుని చూడండి. ఎర్రదీపం వెలిగేచోట మాత్రం పాప్‌కార్న్ పక్కనపెట్టి ఆవిడ మొహం వంక చూడండి.

మా మేనకోడలు మొన్న ఫోన్ చేసి, “మామయ్యా, ఈ ఆదివారం రా, సినిమా చూద్దాం” అంది. కాస్త జలుబు చేసింది, తగ్గాక వస్తానన్నాను. “థాంక్స్ మామయ్యా” అని పెట్టేసింది.